‘గెలిచే అభ్యర్థి’ ఎవరి లెక్క? పూనా ఒప్పందం నాటి ప్రాథమిక ఎన్నికలు, నేటి రిజర్వుడు స్థానాలు

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీలకు రిజర్వు అయింది. పెనుగొండ మండలంలో అదొక మామూలు ఊరు. పేరు చెప్పి ఎవర్నీ ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. పేటలో అంబేద్కర్ బొమ్మ దగ్గర రాత్రిపూట మీటింగు పెట్టుకున్నాం. మూడు పేర్లు వచ్చాయి. ఒకడు కూలిరేట్ల దగ్గరా, శ్మశానానికి దారి దగ్గరా ముందుండి మాట్లాడిన కుర్రాడు. ఇంకొకాయన పాత వార్డు మెంబరు. మూడో ఆయన ఒక రైసు మిల్లులో పదిహేనేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నాడు. చేతులెత్తమన్నారు. ఎక్కువ చేతులు కుర్రాడికే లేచాయి. ఆడవాళ్లు వెనక కూర్చున్నారు, వాళ్లను పేర్లు చెప్పమని ఎవరూ అడగలేదు. ఆ సంగతి కూడా ఇక్కడ రాసి పెట్టాలి.

అయిపోయిందనుకున్నాం. అప్పుడు మా పెదనాన్న వరసాయన లేచాడు. "వాడు మనకి మంచోడేరా. కానీ ఊళ్లోవాళ్లు ఎయ్యరు. మన ఓట్లు ఆరొందలు, ఊరి ఓట్లు పద్దెనిమిదొందలు. ఓడిపోయేవోణ్ణి నిలబెట్టి ఏం బావుకుంటాం?" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ చేతులెత్తమన్నారు. ఈసారి మిల్లులో పనిచేసే ఆయనకి లేచాయి. నేను కూడా ఎత్తాను. ఆయన గెలిచాడు. చెడ్డ మనిషి కాదు. కాకపోతే తీర్మానం మీద సంతకం పెట్టే ముందు మిల్లు యజమానికి ఒక మాట చెప్పి వచ్చేవాడు. శ్మశానం దారి మాత్రం అలాగే ఉంది.

అప్పటికి నేను పరిశోధక విద్యార్థిని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. రాజ్యాధికారం గురించి సెమినార్లలో మాట్లాడి వచ్చిన నేనే ఆ రాత్రి రెండోసారి చెయ్యెత్తాను. ఎందుకెత్తానో తెలుసుకోవడానికి చరిత్రలోకి పోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ రాత్రి మేం చేసిన పనే ఒకప్పుడు ఈ దేశంలో చట్టంగా ఉంది.

మా మీటింగులో జరిగినవి రెండు ఎన్నికలు. మొదటిదాంట్లో మా ఇష్టం చెప్పాం. రెండోదాంట్లో ఊరి ఇష్టం ఎలా ఉంటుందో మేమే ఊహించుకుని, ఊరి తరఫున మేమే ఓటేశాం. ఊళ్లోవాళ్లు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. దానికి వ్యతిరేకంగా గాంధీ యరవాడ జైల్లో ఆమరణ నిరాహారదీక్షకు దిగటం, సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకాలు జరగటం మనందరికీ తెలిసిన చరిత్రే. రాష్ట్రాల శాసనసభల్లో 148 స్థానాలు వచ్చాయనీ, ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయనీ మన సభల్లో చెప్పుకుంటాం. ఆ ఒప్పందంలోనే ఉన్న ఇంకో ఏర్పాటును మాత్రం పెద్దగా పట్టించుకోం. రిజర్వుడు స్థానంలో ముందు దళిత ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురు అభ్యర్థుల జాబితాను ఎన్నుకోవాలి. ఒక్కో ఓటరుకు ఒక్కటే ఓటు. ఎక్కువ ఓట్లు వచ్చిన నలుగురూ రెండో విడతకు పోతారు. అక్కడ అన్ని కులాల ఓటర్లూ కలిసి ఆ నలుగురిలో ఒకణ్ణి గెలిపిస్తారు. మొదటి విడతను ప్రాథమిక ఎన్నిక అన్నారు. ఈ పద్ధతి పదేళ్ల వరకేననీ, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ముందే తీసెయ్యొచ్చనీ రాసుకున్నారు.

పైకి చూస్తే న్యాయంగానే కనపడుతుంది. ముందు మనం వడపోస్తాం, తర్వాత అందరూ ఎన్నుకుంటారు. కిటుకంతా ఆ ‘నలుగురు’ దగ్గర ఉంది. దళితుల్లో వందకు అరవై మంది కోరుకున్నవాడూ, వందకు ఐదుగురు కోరుకుని నాలుగో స్థానంలో నిలిచినవాడూ రెండో విడతకు సమానంగానే వెళతారు. మొదటి విడతలో వచ్చిన ఓట్లు రెండో విడతలో లెక్కకు రావు. కాబట్టి ఆధిపత్య కులాలకు కావలసింది ఒక్కటే: తమకు పనికొచ్చేవాడు ఎలాగో నాలుగో స్థానంలోకైనా చేరితే చాలు. మిగతా పని వాళ్ల సంఖ్యాబలం చూసుకుంటుంది.

నలుగురు అనేది కనీస సంఖ్యా, గరిష్ఠ సంఖ్యా అని తర్వాత పెద్ద వివాదమే నడిచింది. నియోజకవర్గాలను నిర్ణయించడానికి వేసిన హామండ్ కమిటీ దగ్గర అది గరిష్ఠంగా తేలింది. అంటే నలుగురికి మించి పోటీలో ఉన్నప్పుడే ప్రాథమిక ఎన్నిక జరుగుతుంది. నలుగురో అంతకన్నా తక్కువమందో ఉంటే నేరుగా రెండో విడతే. దాంతో చాలా స్థానాల్లో మొదటి విడత జరగనే లేదు. జరిగిన చోట దళిత అభ్యర్థి రెండుసార్లు ప్రచారం చేసుకోవాలి, రెండుసార్లు ఖర్చు పెట్టుకోవాలి. పన్ను కట్టేవాళ్లకూ, చదువుకున్నవాళ్లకూ మాత్రమే ఓటున్న రోజులవి. డెల్టా చేలల్లో ఊడ్చి కోసిన మన తాతల్లో ఎక్కువమందికి ఓటే లేదు.

1937 ఎన్నికల నాటికి రిజర్వుడు స్థానాలు మొత్తం 151. అంబేద్కర్ వేసిన లెక్క ప్రకారం వాటిలో 78 కాంగ్రెస్‌కు పోయాయి. మన జిల్లాలు అప్పుడున్న మద్రాసు రాష్ట్రంలో 30 స్థానాలకు 26 కాంగ్రెసే గెలిచింది. బొంబాయిలో మాత్రం కథ వేరే. అక్కడ ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ముగ్గురు సభ్యులు ఎన్నికయ్యేవారు. ఓటరుకు ఎన్ని ఓట్లుంటే అన్నీ ఒకే మనిషికి గుద్దెయ్యొచ్చు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున నిలబడ్డ అంబేద్కర్ మీద కాంగ్రెస్ పోటీకి పెట్టింది ఎవర్ననుకున్నారు? దేశమంతా పేరున్న దళిత క్రికెట్ ఆటగాడు పల్వంకర్ బాలూని. ‘అందరికీ ఆమోదయోగ్యుడు’ అంటే అంతకన్నా ఎవరుంటారు! అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకి 11,225 ఓట్లు వచ్చాయి. తమ ఓట్లన్నీ ఒక్కడికే వేసే వీలున్న చోట దళితులు తమ నాయకుణ్ణి గెలిపించుకున్నారు. ఇక్కడో సంగతి గమనించాలి. ‘గెలిచే సత్తా’ అనేది అభ్యర్థి ఒంట్లో ఉండే గుణం అనుకుంటాం. ఓట్లు లెక్కపెట్టే పద్ధతి మారితే అదే మనిషి గెలుస్తాడు, అదే మనిషి ఓడిపోతాడు.

1946లో ఇది నగ్నంగా బయటపడింది. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పోటీ చేసింది. ప్రాథమిక ఎన్నికలు జరిగిన చోట్ల దళితులు వేసిన ఓట్లలో కాంగ్రెస్‌కు పడ్డవి మూడో వంతు కూడా లేవని అంబేద్కర్ లెక్కగట్టి కేబినెట్ మిషన్ ముందు పెట్టారు. తుది ఎన్నికల్లో మాత్రం 151 స్థానాల్లో ఫెడరేషన్‌కు దక్కినవి రెండు: ఒకటి బెంగాల్లో, ఒకటి మధ్యపరగణాల్లో. దళితులు మొదటి స్థానంలో నిలబెట్టినవాళ్లను రెండో విడత కొట్టేసింది. ఆ రెండు సీట్లు చూపించే, ఫెడరేషన్‌కు దళితుల మద్దతు లేదని ప్రచారం చేశారు. మన ఇష్టాన్ని వాళ్లే కొట్టేసి, అసలు మనకు ఆ ఇష్టమే లేదని చెప్పటం అన్నమాట.

ఈ లెక్క సరిచెయ్యాలని రాజ్యాంగ సభలో అడిగిన మనిషి ఒక తెలుగువాడు. కర్నూలు ప్రాంతపు దళిత నాయకుడు ఎస్. నాగప్ప. ఆయన కాంగ్రెస్ సభ్యుడే. 1947 ఆగస్టులో ఆయన ఒక సవరణ తెచ్చాడు: రిజర్వుడు స్థానంలో గెలిచే అభ్యర్థికి పోలైన దళిత ఓట్లలో కనీసం 35 శాతం రావాలి. ఉమ్మడి నియోజకవర్గాలను ఆయన కాదనలేదు. నలుగురినీ పైకి పంపించే జల్లెడ బదులు, మన ఓటుకు ఒక కనీస విలువ కట్టమన్నాడంతే. పటేల్ ఒప్పుకోలేదు. నాగప్ప సవరణను వెనక్కి తీసుకున్నాడు. కాంగ్రెస్ దళిత నాయకులంతా తోలుబొమ్మలేనని తేలిగ్గా కొట్టిపారేసే మన మిత్రులు నాగప్ప మాట గుర్తుపెట్టుకుంటే మంచిది. ఉమ్మడి ఓటు మీద గెలిచే పార్టీలో ఉండి కూడా, ఆ గెలుపులో లోపమేంటో ఆయనకు తెలుసు. అదే ఏడాది అంబేద్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో మళ్లీ ప్రత్యేక నియోజకవర్గాలే అడిగారు. రాజ్యాంగం స్థానాలను రిజర్వు చేసింది. ప్రాథమిక ఎన్నిక మాత్రం పోయింది.

1952లో బొంబాయి ఉత్తర ద్విసభ్య నియోజకవర్గంలో రాజ్యాంగ ముసాయిదా కమిటీ అధ్యక్షుడే ఓడిపోయాడు. కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్‌కు 1,38,137 ఓట్లు, అంబేద్కర్‌కు 1,23,576. 1954లో భండారా ఉపఎన్నికలోనూ ఓటమే. ఆ రోజుల్లో ‘గెలిచే అభ్యర్థి ఎవరు’ అని అడిగితే జవాబు కజ్రోల్కర్ అనే రావాలి. దళితుల్లో ఇవాళ ఆ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది?

ద్విసభ్య నియోజకవర్గాల కథ పూర్తిచెయ్యాలంటే మన ఉత్తరాంధ్రకే రావాలి. ఈ పద్ధతిలో ఒక చోట ఇద్దరు ఎన్నికవుతారు, ఒకటి రిజర్వుడు, ఒకటి జనరల్. ముందు రిజర్వుడు సీటును ఆ వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చిన మనిషికిస్తారు. మిగిలిన అందరిలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకి జనరల్ సీటు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఈ లెక్క తిరగబడింది. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. జనరల్ సీటు డిప్పల సూరిదొరకు పోయింది. కొద్ది వందల ఓట్ల తేడాతో ఓడిపోయింది ఎవరంటే, అంతకు ముందు కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన వి.వి. గిరి. గిరిజనుడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో కోర్టు సూరిదొర గెలుపు చెల్లుతుందని చెప్పింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. గిరి ఆ తర్వాత గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతి కూడా అయ్యారు. రిజర్వుడు అభ్యర్థి తన గీత దాటి జనరల్ సీటులోకి వస్తే ఏమవుతుందో ఈ కేసు చెబుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇది కనపడదు.

ఇప్పుడు మన జిల్లాలకు వద్దాం. పెనుగొండవాళ్లది ఇక్కడో వింత పరిస్థితి. 2004 దాకా పెనుగొండ జనరల్ నియోజకవర్గం, పక్కనున్న ఆచంట రిజర్వుడు. ఆ ఏడాది ఆచంటలో పీతల సుజాత గెలిచింది. 2008 పునర్విభజనలో పెనుగొండ నియోజకవర్గం పోయి మా మండలం ఆచంటలో కలిసింది. కలిసే సమయానికి ఆచంట కాస్తా జనరల్ అయింది! మా ఎంపీ స్థానం నరసాపురం కూడా జనరలే. 2009లో మొదటిసారి ఓటేసిన నాకు, అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా ఒక దళిత ప్రతినిధిని ఎన్నుకునే రిజర్వుడు ఓటు ఇంతవరకు లేదు. సర్పంచ్ ఎన్నికలొక్కటే మాకు దొరికిన ప్రయోగశాల. అందుకే ఆ రాత్రి మీటింగును ఇంత పట్టుకుని వేలాడుతున్నాను.

రాష్ట్రంలో 175 అసెంబ్లీ స్థానాల్లో 29 ఎస్సీలకు రిజర్వు. 2019లో ఆ 29లో 27 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. కొండపి తెలుగుదేశానికీ, రాజోలు జనసేనకూ పోయాయి. 2024లో 27 తెలుగుదేశం కూటమి గెలిచింది. బద్వేలు, యర్రగొండపాలెం వైఎస్సార్ కాంగ్రెస్‌కు మిగిలాయి. అంకె అదే, జెండా తిరగబడింది. రాష్ట్రంలో గాలి ఎటుంటే రిజర్వుడు సీట్లు అటు. దళిత వాడల్లో ఓటు ఆ అయిదేళ్లలో నిజంగా అంతగా మారిందా, లేక మిగతా ఓటర్లు మారారా అన్నది ఈ అంకెల్లో కనపడదు. కనపడకుండా చెయ్యటమే ఉమ్మడి ఓటు గొప్పతనం. ప్రాథమిక ఎన్నిక అనే అద్దం 1946లో ఉంది కాబట్టి అంబేద్కర్ తేడా చూపించగలిగాడు. మనకు ఆ అద్దం కూడా లేదు.

నిజానికి ప్రాథమిక ఎన్నిక రద్దయిపోలేదు. పార్టీ ఆఫీసుకు మారింది. సర్వేలు చేస్తారు, ఫోన్లలో నంబరు నొక్కమంటారు, నియోజకవర్గంలో డబ్బున్న పెద్దలను కూర్చోబెట్టి అడుగుతారు, చివరికి ‘గెలుపు గుర్రం’ ఫలానా అని బీఫారం ఇస్తారు. ఆ సర్వేలో దళిత ఓటర్లు ఏమన్నారో విడిగా ఎవరూ చెప్పరు. 2024లో మన పాత పశ్చిమగోదావరిలో ఏం జరిగింది? కొవ్వూరు ఎమ్మెల్యే, అప్పటి హోంమంత్రి తానేటి వనితను గోపాలపురానికి పంపారు, గోపాలపురం ఎమ్మెల్యే తలారి వెంకట్రావును కొవ్వూరుకు పంపారు. ఇద్దరూ ఓడిపోయారు. 2014లో కొవ్వూరులో గెలిచిన జవహర్‌ను తెలుగుదేశం 2019లో కృష్ణా జిల్లా తిరువూరుకు పంపింది. రిజర్వుడు నియోజకవర్గపు ఎమ్మెల్యేని చదరంగం పావులా ఇటునుంచి అటు జరపడం పార్టీలకు ఇంత తేలికెందుకు? ఆ మనిషి బలం అక్కడి ఊళ్లలో ఉందని పార్టీ నమ్మదు కాబట్టి.

పి. గన్నవరం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో తెలుగుదేశం మొదటి జాబితాలో మహాసేన రాజేష్ పేరు ప్రకటించింది. ఆయన పాత వీడియోల్లోని మాటల మీద అభ్యంతరాలు లేచాయి. కొద్ది రోజులకే తప్పుకుంటున్నానని ఆయనే ప్రకటించాడు. సీటు జనసేనకు పోయింది, గిడ్డి సత్యనారాయణ గెలిచాడు. రాజేష్ మాటలన్నీ నేను సమర్థించను. ఆయన తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నా ప్రశ్న ఒక్కటే. ఆ అభ్యంతరాలు తూకం వేసిన చోట, నియోజకవర్గంలోని మాలపేటలూ మాదిగపేటలూ ఏమంటున్నాయో అడిగిన దాఖలా ఉందా?

ఈ ప్రశ్న మన దేశంలోనే లేదు. అమెరికాలో పార్టీ అభ్యర్థిని పార్టీ ఓటర్లే ప్రాథమిక ఎన్నికల్లో ఎన్నుకుంటారు. 2008లో ఒబామా విషయంలో నల్లజాతి ఓటర్లలో చాలామంది మొదట్లో వెనకాడారు. ఇష్టం లేక కాదు, తెల్లవాళ్లు ఓటేస్తారా అని. తెల్లవాళ్లే ఎక్కువగా ఉన్న అయోవాలో జనవరి 3న ఆయన గెలిచాకే ఆ అనుమానం తీరింది. అంటే అక్కడా తెల్లవాళ్లు ముందు సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చింది. తేడా ఏంటంటే, అక్కడ ఆ లెక్క బహిరంగంగా జరిగింది, అంచనా తప్పని రుజువు చెయ్యడానికి ఒక పెట్టె, ఒక తేదీ ఉన్నాయి.

అయితే పాత ప్రాథమిక ఎన్నికనే తిరిగి తెమ్మంటే సరిపోతుందా? నాకు అంత ధైర్యం లేదు. మొదటి అడ్డంకి మనలోనే ఉంది. కోనసీమలో మాలల సంఖ్య ఎక్కువ. అక్కడ దళితులు మాత్రమే ఓటేసే ఎన్నిక పెడితే మాదిగ, రెల్లి అభ్యర్థి పేరు జాబితాలోకి వస్తుందా? ‘నువ్వు మంచోడివే, కానీ మనోళ్లంతా ఎయ్యరు’ అని మేం వాళ్లతో అనమా? 1994లో మొదలైన దండోరా అడిగింది ఇదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని చెప్పింది కూడా ఉద్యోగాల, చదువుల గురించే. రాజకీయ స్థానాల్లో ఈ ప్రశ్నను మనం తాకనే లేదు. పేటలో నేను మాల ఇంట్లో పుట్టాను కాబట్టి ఈ మాట నేనే ముందు అనాలి.

రెండోది, పార్టీ కాకుండా విడిగా నిలబడితే ఏమవుతుందన్నది. 1994లో బహుజన సమాజ్ పార్టీ రాష్ట్రంలో ఒక్క అసెంబ్లీ సీటూ గెలవలేదు. కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన అంత ఊపు ఓట్ల పెట్టె దగ్గర నిలవలేదు. ఆ ఓటమిని చూపించి మా పెదనాన్నలాంటి వాళ్లు ఇప్పటికీ నోరు మూయిస్తారు. వాళ్లను పిరికివాళ్లనటం నాకు చేతకాదు. ఎన్నికలయ్యాక మళ్లీ అదే రైతు చేలోకి కూలికి పోవాల్సింది వాళ్లే.

కానీ లెక్క అంటే లెక్కే చేద్దాం. రిజర్వుడు స్థానంలో పోటీ చేసేవాళ్లంతా దళితులే. కాబట్టి ఊరి ఓటు అంతా మనకు ఎదురుగా ఒకే కట్టగా నిలబడదు, రెండు వర్గాలుగా చీలుతుంది. ఆ ఎన్నికలో ఎదుటి వర్గం కూడా పేట నుంచే ఒక మనిషిని నిలబెట్టింది. మా ఊరి పద్దెనిమిది వందల ఓట్లలో పోలయ్యేవి పదహారు వందలనుకుంటే వర్గానికి ఎనిమిది వందలు. పేట ఆరొందలూ చెదరకుండా కుర్రాడికి పడి, ఆ పదహారు వందల్లో బీసీ కూలీల ఓట్లు ఒక నూట యాభై ఇటు వచ్చుంటే మనకు 750, వాళ్లకు సగటున 725. పేట ఓట్లు చెదరకుండా ఉంచటం మాటలు కాదు, నాకు తెలుసు. ఎన్నికల ముందు రాత్రి డబ్బూ మందూ వస్తాయి. అయినా ‘ఊళ్లోవాళ్లు ఎయ్యరు’ అన్న మాట పద్దెనిమిది వందల మందినీ ఒకే ముద్దగా చూసింది. మాతోపాటు అదే చేలో వంగి ఊడ్చే బీసీ ఆడవాళ్లను కూడా ఆ ముద్దలోనే కలిపేశాం. శ్మశానం దారి కోసం ఆ కుర్రాడు తిరిగినప్పుడు వాళ్లలో కొందరు అర్జీ మీద వేలిముద్రలు కూడా వేశారు. ఆ నూట యాభై ఓట్ల కోసం మేం ఒక్క గడపకూ పోలేదు.

ఆ రాత్రి మొదటిసారి లేచిన చేతుల్ని లెక్కపెట్టి రాసుకున్న నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. మళ్లీ మా ఊరికి రిజర్వేషను వచ్చిన రోజు ముందుగా ఆ అంకె చదివి, తర్వాతే గెలుపు సంగతి మాట్లాడదామని మావాళ్లను అడిగాను. ఈసారి ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలని మా మేనత్త షరతు పెట్టింది.